ఎస్టిమేటర్ గారి కెమెరా

మా ఇల్లు కంచన్‌బాగ్. చుట్టూ డిఫెన్స్ ల్యాబులు, ఫ్యాక్టరీలు, పొడవాటి కాంపౌండ్ గోడలు. గోడ ఉన్న ప్రతిచోటా ఫోటోలు తీయడం నిషేధం అని బోర్డు ఉంటుంది. అలాంటి ఏరియాలో పుట్టి పెరిగి నాకు ఫోటోల పిచ్చి ఎలా పట్టిందో ఇప్పటికీ తెలీదు. మా అమ్మ మాత్రం ఆ బోర్డులు చూసి చూసే పట్టిందంటుంది.

పోయిన సెమిస్టర్ సెలవుల్లో నేను ఒక ఎక్సెల్ షీట్ తయారుచేశాను. సబ్జెక్ట్: మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరాలు, వాటి లెన్సులు, వాటి ధరలు. తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. మన క్లబ్‌లో ఎక్కువమంది వాడే ఏపీఎస్-సీ కెమెరాలో సెన్సార్ సుమారు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 16 ఎత్తు. పెళ్లి ఫోటోగ్రాఫర్ల చేతిలో ఉండే ఫుల్ ఫ్రేమ్ 36 బై 24. ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ సిరీస్ లాంటి మీడియం ఫార్మాట్‌లో సుమారు 44 బై 33. ఏరియా లెక్క వేస్తే ఫుల్ ఫ్రేమ్‌కి దాదాపు 1.7 రెట్లు. ఫేజ్ వన్ వాళ్లది ఇంకా పెద్దది, 53 బై 40. సెన్సార్ ఏరియా పెరిగిన కొద్దీ అది పట్టే వెలుతురు పెరుగుతుంది. ధర మాత్రం ఆ నిష్పత్తిలో కాకుండా ఇంకా వేగంగా పెరుగుతుంది.

షీట్‌లో కొన్ని అంకెలు చూడండి, అన్నీ అమెరికాలో విడుదలైనప్పటి ధరలే. జీఎఫ్ఎక్స్ 50ఆర్ 2018లో 4,499 డాలర్లు. జీఎఫ్ఎక్స్ 100ఎస్ 2021లో 5,999. జీఎఫ్ఎక్స్ 100ఎస్ టూ 2024లో 4,999. హాసెల్‌బ్లాడ్ ఎక్స్2డీ 2022లో 8,199. ఫేజ్ వన్ 150 మెగాపిక్సెల్ సిస్టం 2018లో 50 వేల డాలర్లు దాటింది. దాన్ని రూపాయల్లోకి మార్చాక ఆ వరస షీట్‌లోంచి తీసేశాను.

అసలు దెబ్బ లెన్సుల దగ్గర తగులుతుంది. ఎక్స్2డీతో పాటు వచ్చిన మూడు లెన్సులు 38, 55, 90. మొదటి రెండూ ఒక్కోటి 3,699, మూడోది 4,299. మొత్తం 11,697 డాలర్లు. అంటే బాడీ కంటే లెన్సులకే ఎక్కువ. ఫుజీలో 45, 63, 110 తీసుకుంటే విడుదల ధరల్లో 5,997. 100ఎస్ టూ బాడీతో కలిపితే 10,996, హాసెల్‌బ్లాడ్ సెట్టు 19,896. దాదాపు సగానికి సగం తేడా. వీటి మీద మళ్లీ కస్టమ్స్, జీఎస్టీ. అంతా చూసి చివరికి సెకండ్ హ్యాండ్ 50ఆర్, ఒక్క 50 లెన్స్ దగ్గర ఆగాను. అన్నీ కలిపి మూడు లక్షల పైచిలుకు.

షీట్ నాన్న ముందు పెట్టి రెండు విషయాలు అడిగాను. ఒకటి, నా పైచదువుకని వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కెమెరా కొనివ్వమని. రెండు, ప్లేస్‌మెంట్స్‌కి కూర్చోనని. నాన్న కోప్పడలేదు. అదే భయం వేసింది. ఆయన ఉద్యోగమంతా కొటేషన్లు చూడటంలోనే గడిచింది. షీట్ మొత్తం చదివి, ఇది కొనడానికి అయ్యే ఖర్చు, వాడటానికి నెలకెంత, అది ఎవరిస్తారు అని మాత్రం అడిగి లేచి వెళ్లిపోయారు. నా దగ్గర ఆ కాలమే లేదు.

వాదనలో గెలవడానికి ఒక ఉదాహరణ కావాలి కదా. ఇంజినీరింగ్ చదివి, ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి, ఫోటోగ్రాఫర్ అయి, పేరు తెచ్చుకున్న మనిషి ఎవరైనా ఉన్నారా అని వెతికాను. దొరికారు. అదీ మన హైదరాబాద్‌కి సంబంధించిన మనిషే. రాజా దీన్ దయాళ్.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టారు. నగల పని చేసే జైన కుటుంబం. చదువు రూర్కీలోని థామ్సన్ కాలేజ్ ఆఫ్ సివిల్ ఇంజినీరింగ్‌లో. ఇప్పుడు మనం ఐఐటీ రూర్కీ అంటున్నది అదే. 1866లో చదువు అయ్యాక ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో చేరారు. ఆ ఉద్యోగం పేరు చదివి నాకు నవ్వొచ్చింది. హెడ్ ఎస్టిమేటర్, డ్రాఫ్ట్స్‌మన్. అంటే కట్టబోయే దానికి ఎంతవుతుందో లెక్క కట్టి, ప్లాన్ గీసే పని. నాన్నకి నచ్చే మనిషి.

కెమెరా ఆయన చేతికి 1874 ప్రాంతంలో వచ్చింది. అంటే ఉద్యోగంలో చేరిన ఎనిమిదేళ్లకి, ముప్పై ఏళ్ల వయసులో. ఇండోర్ మహారాజు రెండో తుకోజీరావు ప్రోత్సహించారు. సెంట్రల్ ఇండియాలో గవర్నర్ జనరల్ ఏజెంటుగా ఉన్న సర్ హెన్రీ డాలీ పరిచయం దొరికింది. వైస్రాయ్ నార్త్‌బ్రూక్‌ని ఫోటో తీశారు. 1875-76లో వేల్స్ యువరాజు ఇండియా వచ్చినప్పుడు ఆ పర్యటననీ తీశారు.

ఇక్కడ ఆగి ఆ కాలంలో ఫోటో అంటే ఏంటో చెప్పాలి, లేకపోతే ఖర్చు అర్థం కాదు. ఆయన మొదలుపెట్టిన రోజుల్లో నడుస్తున్నది వెట్ ప్లేట్ పద్ధతి. గాజు పలక మీద కొలోడియన్ పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, అది ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, ఆరకముందే డెవలప్ చేయాలి. చేతిలో ఉన్న టైం పది పదిహేను నిమిషాలు. అంటే ఎక్కడికి వెళ్తే అక్కడికి చీకటి గుడారం, రసాయనాలు, నీళ్లు, గాజు, మనుషులు కూడా వెళ్లాలి. 1870ల చివర్లో జెలటిన్ పూసిన డ్రై ప్లేట్లు బజారులోకి వచ్చాక గుడారం బాధ తప్పింది. గాజు బాధ తప్పలేదు.

ఫోటోని పెద్దది చేయడం అప్పుడు మామూలు విషయం కాదు. గుడ్డు తెల్లసొన, వెండి లవణం పూసిన అల్బుమెన్ కాగితాన్ని నెగటివ్‌కి ఆనించి ఎండలో పెట్టేవాళ్లు. ప్రింట్ ఎంత కావాలంటే నెగటివ్ అంత, నెగటివ్ ఎంతైతే కెమెరా అంత. పది బై పన్నెండు అంగుళాల ప్లేట్‌ని మిల్లీమీటర్లలోకి మార్చి చూశాను. నేను కలలుగన్న జీఎఫ్ఎక్స్ సెన్సార్‌కి దాదాపు 54 రెట్లు. రెండున్నర మిల్లీమీటర్ల మందం గాజు అనుకుంటే ఒక్క ప్లేటే అర కిలో. యాభై ఫోటోలు తీయాలంటే పాతిక కిలోల గాజు. అది కూడా పగలకుండా.

దీన్ని బట్టి నాకు అర్థమైంది ఏంటంటే, ఆయన సిస్టంలో కెమెరా, లెన్సు ఒక్కసారి పెట్టే ఖర్చు. ప్రతి ఫోటోకీ మళ్లీ గాజు, మళ్లీ వెండి, ప్రింట్ రంగు నిలవడానికి బంగారు లవణంతో టోనింగ్, కడిగేవాళ్లు, మోసేవాళ్లు, అతికించేవాళ్లు. నా షీట్‌లో ఉన్నవి మొదటి రెండే.

మరి ఆ ఖర్చు ఎవరు పెట్టారు? ఇది చదువుతున్నప్పుడే నా వాదన కొద్దికొద్దిగా జారిపోవడం మొదలైంది. ఆయన 1874లో కెమెరా పట్టుకుని 1875లో ఉద్యోగం వదలలేదు. పదేళ్లకు పైగా రెండూ చేశారు. ఇండోర్‌లో ఫోటోల వ్యాపారం మొదలైంది, పగలు ఎస్టిమేట్లు కూడా నడిచాయి. 1882లో సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ వైపు పర్యటించి పాత కట్టడాలు తీశారు. గ్వాలియర్, ఖజురహో, ఓర్ఛా, సాంచి. ఆ పని 1886లో పుస్తకంగా వచ్చింది. ఆ ఫోటోల్లో గోడలు నిటారుగా, కొలతలు పెట్టి గీసినట్టు ఉంటాయి. తీసిన మనిషి డ్రాఫ్ట్స్‌మన్ మరి. ఉద్యోగం ఆయన కళకి అడ్డం అనుకుంటూ మొదలుపెట్టిన నేను, ఆ గోడలు చూశాక కొంచెం తగ్గాను.

1885లో వైస్రాయ్ డఫెరిన్ ఆయన్ని తన ఫోటోగ్రాఫర్‌గా నియమించారు. ఆ కాలంలోనే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో కూడా స్థానం దొరికింది. మొదట సెలవు పెట్టి, తర్వాత ఉద్యోగం వదిలేసి హైదరాబాద్ వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు నలభై దాటింది. రాజుగారు, వైస్రాయ్‌గారు ఆర్డర్లు ఇస్తున్నారు, సొంత స్టూడియో ఉంది, పుస్తకం రాబోతోంది. ఆ తర్వాతే రాజీనామా.

సికింద్రాబాద్ స్టూడియో పెద్దదైంది. నిజాం వేటకి వెళ్తే ఆయన, సైన్యం కవాతు చేస్తే ఆయన, విందులైతే ఆయన. మా ఇంటి నుంచి చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్తే వచ్చే ఫలక్‌నుమా ప్యాలెస్ లోపలి గదుల్ని కూడా తీశారు. ఇప్పుడది తాజ్ హోటల్. నేను బస్సులోంచి గుట్ట మీద చూడటమే తప్ప లోపలికి వెళ్లింది లేదు. ఆ గదుల్లో షాండ్లియర్లు, కుర్చీలు ఎలా ఉండేవో నాకు తెలిసింది ఆయన ఫోటోల వల్లే.

1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం విడిగా జెనానా స్టూడియో తెరిచారు. పర్దాలో ఉండే స్త్రీలు మగ ఫోటోగ్రాఫర్ ముందు కూర్చోరు. అందుకని మొత్తం పని ఆడవాళ్లే చేసేట్టు, కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళ చేతికి అప్పగించారు. నాకు ఆయన జీవితంలో బాగా నచ్చిన అధ్యాయం ఇదే. అక్కడ కావలసింది ఇంకా పెద్ద కెమెరా కాదు. ఫోటో దిగాలని ఉండీ దిగలేకపోతున్న వాళ్లు ఎందుకు రావట్లేదో గమనించి, ఆ అడ్డు తీసేశారు.

1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. నిజాం ఆయనకి రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అని బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే బొమ్మలు వేసేవాడు. నిజాం స్వయంగా ఆయన మీద ఉర్దూలో రెండు పాదాల కవిత కూడా రాశారు. 1896లో బొంబాయిలో ఇంకో పెద్ద స్టూడియో తెరిచారు. విక్టోరియా రాణి ఫోటోగ్రాఫర్‌గా కూడా గుర్తింపు దక్కింది. 1902లో వైస్రాయ్ కర్జన్ నిజాం రాజ్యానికి వేటకి వచ్చినప్పుడు, చంపిన పులి పక్కన కర్జన్ దంపతులు నిలబడిన ఫోటో ఆయనదే. 1903 ఢిల్లీ దర్బారు కూడా తీశారు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది డబ్బు ఇచ్చినవాళ్ల ప్రపంచమే. రాజులు, దొరలు, ప్యాలెస్‌లు. పులి దగ్గర నిలబడ్డ దొర పేరు మనకి తెలుసు, అడవిలో పులిని తోలిన మనిషి పేరు తెలీదు. అంత ఖరీదైన సిస్టం నడవాలంటే అంత ఖరీదైన మనిషి ముందు నిలబడాలి. ఇది కూడా ఖర్చే, ఏ షీట్‌లోనూ రాయం.

చివరి రోజులు బాధగా గడిచాయి. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ ఇద్దరూ వ్యాపారంలో ఉండేవారు. 1904లో ధరమ్ చంద్ చనిపోయాడు. మరుసటి ఏడాది, 1905 జూలై 5న, దీన్ దయాళ్ బొంబాయిలో కన్నుమూశారు. ఆ గాజు పలకలు మాత్రం మిగిలాయి. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం ఆయన నెగటివ్‌లు 2,857 కొనుక్కుంది. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట స్టాంప్ వేసింది. నా మొదటి ఫోన్‌తో తీసిన ఫోటోలు ఇప్పుడు ఎక్కడున్నాయో నాకే తెలీదు.

ఇదంతా చదివాక నాన్న దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తోచలేదు. ఉద్యోగం వదిలేసిన మనిషి కోసం వెతికితే, ఇరవై ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషి దొరికాడు. అయినా వెళ్లి మొత్తం కథ చెప్పాను. నాకు అనుకూలంగా లేని భాగాలు కూడా దాచకుండా చెప్పాను. నాన్న ఎస్టిమేటర్ అన్న మాట దగ్గర మాత్రం తలెత్తి చూశారు.

షీట్ మళ్లీ చేశాను. ఈసారి కొత్త కాలమ్స్ పెట్టాను. ఒక్క ఫోటోకి ఎంత, నెలకెంత, ఎవరిస్తారు, ఈ సైజ్ ప్రింట్ అసలు ఎవరికి కావాలి. ఎక్స్2డీ తీసే ఒక్కో రా ఫైల్ సుమారు 200 ఎంబీ, అంటే వెయ్యి ఫోటోలకి 200 జీబీ. మన కాలంలో గాజు బరువు హార్డ్ డిస్క్ మీద పడుతుందన్నమాట. నాలుగో కాలమ్ నింపలేకపోయాను. కాలేజ్ ఫెస్ట్ ఫోటోలు అందరూ చూసేది ఫోన్‌లోనే.

ఫిక్స్‌డ్ డిపాజిట్ అలాగే ఉంది. ప్లేస్‌మెంట్స్‌కి పేరు ఇచ్చాను. నా పాత ఏపీఎస్-సీ కెమెరా, 50 లెన్స్‌తోనే తీస్తున్నాను. ఒక్క రోజుకి మీడియం ఫార్మాట్ అద్దెకి తీసుకోవడానికి డబ్బులు దాస్తున్నాను. ఆ రోజు మా అమ్మనీ, మా వీధిలో ఎప్పుడూ ఫోటో దిగడానికి సిగ్గుపడే నలుగురు అత్తయ్యల్నీ కూర్చోబెట్టి తీయాలని ప్లాన్. వాళ్లకైతే పెద్ద ప్రింట్ కావాలి. గోడకి పెట్టుకుంటారు.

దీన్ దయాళ్ ఓపిగ్గా ఉద్యోగం చేశారు నిజమే, కానీ చివరికి వదిలారు కూడా. అందుకే షీట్‌లో చివర ఇంకో కాలమ్ పెట్టాను, ఎప్పుడు వదలాలి అని. అందులో ఇంకా ఏమీ రాయలేదు. నాన్న కూడా అది డిలీట్ చేయమనలేదు.