ఢిల్లీ మూయించిన గొంతు: కిశోర్ కుమార్

1976 మే నెల. ఎమర్జెన్సీ రోజులు. ఢిల్లీలోని సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఆదేశంతో ఆకాశవాణి, దూరదర్శన్‌లలో కిశోర్ కుమార్ పాటలు ఆగిపోయాయి. ప్రభుత్వ ఇరవై సూత్రాల కార్యక్రమ ప్రచారానికి సహకరించకపోవడమే ఆయన నేరం. అప్పటి మంత్రి విద్యాచరణ్ శుక్లా. గ్రామఫోను రికార్డుల అమ్మకాలనూ అడ్డుకోజూశారు. అనంతరం షా కమిషన్ ఈ ఉదంతాన్ని విచారించింది.

ఆభాస్ కుమార్ గంగూలీ 1929 ఆగస్టు 4న ఖండ్వాలో జన్మించారు. శాస్త్రీయ సంగీత శిక్షణ లేదు. అయినా గొంతును ఉన్నట్టుండి సన్నని పైస్థాయికి విరిచే యోడ్లింగ్‌ను హిందీ పాటకు అలవాటు చేశారు. 1962లో 'హాఫ్ టికెట్' యుగళగీతానికి లతా మంగేష్కర్ అందుబాటులో లేకపోవడంతో స్త్రీ గాత్రాన్ని కూడా ఫాల్సెట్టోలో ఆయనే పాడారు. స్వరకర్త సలిల్ చౌధురి మొదట సందేహించారట; విన్నవారికి సందేహం మిగలలేదు.

1987 అక్టోబరు 13న, అన్న అశోక్ కుమార్ పుట్టినరోజు నాడే, ముంబయిలో గుండెపోటుతో కన్నుమూశారు. అంత్యక్రియలు ఖండ్వాలో జరిగాయి. అక్కడి సమాధి వద్ద అభిమానులు నేటికీ ఆయన జయంతికి మద్యం కాదు, ఆయనకిష్టమైన పాలూ జిలేబీ నివేదిస్తారు.