పని నేర్పి, బాధ్యత అప్పగించిన విశ్వేశ్వరయ్య

గిద్దలూరు, సెప్టెంబరు 14: రేపు ఇంజనీర్ల దినోత్సవం. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జయంతి. ఆయన ఇంటిపేరు మన ప్రాంతంలోని ఊరిపేరే. పూర్వీకులు మోక్షగుండం నుంచి మైసూరు సీమకు వలస వెళ్ళగా, ఆయన 1861లో ముద్దెనహళ్ళిలో జన్మించారు.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బి.ఎ., పూనాలో 1883లో ఇంజనీరింగు పూర్తిచేశారు. మరుసటి ఏడు బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో చేరారు.

పూనా దగ్గరి ఖడక్‌వాస్లా జలాశయంలో వరద నీరు పొర్లి వృథాగా పోయేది. నీటిమట్టం పెరిగితే వాటంతటవే తెరుచుకుని, తగ్గితే మూసుకునే తలుపులను ఆయన రూపొందించి 1903లో అమర్చారు. కట్ట ఎత్తు పెంచకుండానే నిల్వ పెరిగింది. ఉద్యోగంలో ఉండి చేసిన పని గనుక దానిపై రాయల్టీ పుచ్చుకోలేదు.

1908లో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం ఆయన సలహా కోరింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు ఆ సలహా ఫలితమే.

1912లో మైసూరు దివాన్ అయ్యారు. ఉద్యోగాలలో వెనుకబడిన వర్గాలకు వాటా కల్పించే విషయమై మహారాజుతో భేదాభిప్రాయం వచ్చి 1918లో పదవి వదిలారు. ప్రతిభ ఒక్కటే కొలమానమన్న ఆయన పట్టును తప్పుపట్టేవారు నేటికీ ఉన్నారు. అవకాశమే లేనివాడు ప్రతిభ చూపేదెలా అన్నది వారి ప్రశ్న.

ఆ ప్రశ్నకు కొంత జవాబు ఆయన తర్వాత చేసిన పనిలోనే దొరుకుతుంది. భద్రావతి ఇనుప కార్ఖానా 1923లో పని ప్రారంభించేనాటికి ఇనుము ధర పడిపోయి నష్టాల్లో కూరుకుపోయింది. అరవై దాటిన వయసులో ఆయన దాని బాధ్యత నెత్తికెత్తుకున్నారు. వృథా ఖర్చులు తగ్గించారు. విదేశీ నిపుణులు చూసే పనులను స్థానిక యువకులకు నేర్పించి, వారికే అప్పగించారు. కార్ఖానా నిలదొక్కుకుంది. తనకు రావలసిన జీతం సొమ్మును బెంగుళూరులో వృత్తివిద్యాలయానికి ఇచ్చారు. 1943లో ఏర్పడిన ఆ విద్యాలయానికి ఉన్నది మైసూరు రాజు పేరు, ఆయన పేరు కాదు.

1955లో భారతరత్న అందుకుని, 1962లో నూరేళ్ళు దాటి కన్నుమూశారు.

రేపు ఊరూరా ఆయన పటానికి పూలమాలలు పడతాయి. మంచిదే. కొత్తగా చేరిన కుర్రవాడికి పని నేర్పి, నమ్మి బాధ్యత అప్పగించే అధికారి ప్రతి ఆఫీసులో ఒక్కరున్నా ఆ పూలమాలకు అర్థం ఉంటుంది.