పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద రుడాల్ఫ్ డీజిల్

అమీర్‌పేటలో మా నాన్న కారు 2009 మోడల్, బాబాయిది 2010. రెండూ డీజిలే, కంపెనీ కూడా ఒకటే. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఏది బాగా లాగుతుందని ఇద్దరికీ ఎప్పుడూ వాదనే. డీజిల్ అనేది ఒక మనిషి పేరని మాత్రం నాకు ఈమధ్యే తెలిసింది.

రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్‌లో జర్మన్ తల్లిదండ్రులకు పుట్టాడు. 1870లో యుద్ధం వచ్చి ఆ కుటుంబం ఊరు వదిలేయాల్సి వచ్చింది. తర్వాత మ్యూనిక్‌లో ఇంజనీరింగ్ చదివాడు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి, స్పార్క్ అక్కర్లేదు. ఇదీ ఆయన ఐడియా.

ఆగ్స్‌బర్గ్‌లో చేసిన 1893 ఇంజన్ సొంతంగా నడవనే లేదు. 1894లో ఒక నిమిషం నడిచింది. 1897 ఇంజన్ మాత్రం ఇంధనంలోని శక్తిలో 26 శాతాన్ని పనిగా మార్చింది. అప్పటి మామూలు ఆవిరి యంత్రాలకు 10 శాతం కూడా కష్టమే.

పేరొచ్చింది, అప్పులూ మిగిలాయి. 1913 సెప్టెంబర్ 29 రాత్రి ఇంగ్లండ్ వెళ్లే ఓడలోంచి మాయమయ్యాడు. కొన్ని రోజులకు శవం సముద్రంలో కనిపించింది. ఏం జరిగిందో ఇప్పటికీ తేలలేదు. జనం కొనుక్కునే డీజిల్ కారు 1936లో గానీ రాలేదు, ఆయన చూడలేదు.

నాన్న, బాబాయి 2009, 2010 అంటుంటే నాకు 1893, 1897 గుర్తొస్తున్నాయి. నా ప్రోగ్రామ్ రన్ కాని రాత్రి కూడా.