బోరిస్ కార్లాఫ్

బోరిస్ కార్లాఫ్ (నవంబర్ 23, 1887 - ఫిబ్రవరి 2, 1969) ఇంగ్లాండులో జన్మించి అమెరికా చలనచిత్రరంగంలో ప్రసిద్ధి పొందిన నటుడు. ఇతని అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1931లో విడుదలైన ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రంలో, శవాల భాగాలను కూర్చి ప్రాణం పోసిన వికృతజీవి పాత్ర ద్వారా ప్రపంచప్రఖ్యాతి గడించాడు. ది మమ్మీ (1932), ది బ్లాక్ క్యాట్ (1934), ది బాడీ స్నాచర్ (1945) ఇతని ఇతర ముఖ్యచిత్రాలు. భయానక చిత్రాల ప్రతినాయకుడు ప్రేక్షకుణ్ణి ఎందువల్ల భయపెడతాడనే ప్రశ్నకు ఇతని నటజీవితమే ఒక మంచి సమాధానం. అరుపులు, రక్తపాతం కంటే మౌనం, నిదానమైన కదలిక, కంటికి కనబడని ఘోరం, అన్నిటికీ మించి ఆ పాత్ర మీద కలిగే జాలి ఎక్కువ భయాన్ని పుట్టిస్తాయని ఇతని పాత్రలు నిరూపించాయి.

బాల్యం, కుటుంబం

కార్లాఫ్ లండన్ నగరంలోని కాంబర్‌వెల్ ప్రాంతంలో జన్మించాడు. తొమ్మండుగురు సంతానంలో ఇతడే కడపటివాడు. తండ్రి ఎడ్వర్డ్ జాన్ ప్రాట్ బ్రిటిషు పాలనలోని భారతదేశంలో ఉప్పు సుంకం శాఖలో ఉద్యోగం చేశాడు. తండ్రివైపునా, తల్లివైపునా కూడా కార్లాఫ్‌కు భారతీయ రక్తసంబంధం ఉంది. సయాం (నేటి థాయిలాండ్) రాజకుటుంబంలోని పిల్లలకు చదువు చెప్పిన అన్నా లియోనోవెన్స్ ఇతని అమ్మమ్మకు సోదరి. కార్లాఫ్ మేనిఛాయ తోటి ఆంగ్లేయుల కంటే కాస్త ముదురుగా ఉండడానికి ఈ వంశమే కారణం.

తల్లిదండ్రుల అండ చిన్నతనంలోనే కరువు కావడంతో అన్నలు, అక్క ఇతణ్ణి పెంచారు. బాల్యంలో నత్తి ఉండేది. దానిని ప్రయత్నపూర్వకంగా అధిగమించినా, కొన్ని అక్షరాలు పలికేటప్పుడు నాలుక మడతపడే లక్షణం జీవితాంతం మిగిలిపోయింది. తర్వాతికాలంలో ఇతని కంఠానికి ప్రత్యేకతను తెచ్చినవాటిలో ఈ లోపం కూడా ఒకటి. అన్నలలో పలువురు ప్రభుత్వ కొలువుల్లో చేరారు. వారిలో సర్ జాన్ థామస్ ప్రాట్ చైనాలో దౌత్యాధికారిగా పనిచేశాడు. విలియం కూడా అదే దారిలో నడవాలని కుటుంబం ఆశించింది. అతనికి మాత్రం నాటకాల మీదే మనసు. లండన్‌లోని కింగ్స్ కాలేజీ చదువును మధ్యలో విడిచిపెట్టి, 1909లో కెనడాకు ఓడ ఎక్కాడు.

నాటకాల నుండి సినిమాలకు

కెనడాలో పొలం పనులు, కూలి పనులు చేస్తూ పొట్టపోసుకున్నాడు. తరువాత ఊరూరా తిరిగే నాటక సమాజంలో చేరాడు. బోరిస్ కార్లాఫ్ అనే పేరు పెట్టుకున్నది ఈ కాలంలోనే. సుమారు పది సంవత్సరాల పాటు కెనడా, అమెరికా పట్టణాలలో చిన్నాపెద్దా వేషాలు వేశాడు.

1910ల చివరలో హాలీవుడ్ చేరిన తరువాత కూడా కష్టాలు తీరలేదు. మూకీ చిత్రాలలో గుంపులో ఒకడిగాను, దొంగగాను, తూర్పుదేశాల దుర్మార్గుడిగాను చిన్న వేషాలే దక్కేవి. వేషాలు లేని రోజుల్లో లారీ తోలాడు, బరువులు మోశాడు. మోతపనుల వల్ల నడుముకు కలిగిన బాధ ఇతణ్ణి జీవితాంతం వెంటాడింది. హోవర్డ్ హాక్స్ దర్శకత్వం వహించిన ది క్రిమినల్ కోడ్ (1931)లో ఖైదీ పాత్ర ఇతనికి మొదటిసారిగా గుర్తింపు తెచ్చింది. అప్పటికి వయసు నలభై దాటింది. సుమారు 80 చిత్రాలలో నటించినా పేరు తెలిసినవారు తక్కువ.

ఫ్రాంకెన్‌స్టైన్

1931 ఫిబ్రవరిలో యూనివర్సల్ సంస్థ విడుదల చేసిన డ్రాక్యులా ఘనవిజయం సాధించింది. వెంటనే ఆ సంస్థ, మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన ఫ్రాంకెన్‌స్టైన్ నవలను తెరకెక్కించడానికి పూనుకుంది. వికృతజీవి పాత్రకు మొదట డ్రాక్యులా కథానాయకుడు బేలా లుగోసీని అనుకున్నారు. తరువాత దర్శకత్వ బాధ్యత జేమ్స్ వేల్‌కు దక్కింది. స్టూడియో భోజనశాలలో కార్లాఫ్ ముఖాన్ని గమనించిన వేల్ అతణ్ణే ఎంపిక చేశాడు.

ఆ రూపాన్ని తీర్చిదిద్దినవాడు మేకప్ నిపుణుడు జాక్ పియర్స్. బల్లపరుపుగా ఉండే తల, ముందుకు పొడుచుకొచ్చిన నుదురు, మెడకు ఇరువైపులా లోహపు మేకులు ఇతని కల్పనలే. నలుపు తెలుపు చిత్రంలో చర్మం శవంలా పాలిపోయి కనిపించడానికి ఆకుపచ్చ ఛాయగల రంగు పూశాడు. చేతులు మరీ పొడవుగా కనబడేందుకు కోటు చేతులను కురచ చేశారు. కాళ్ళకు బరువైన బూట్లు తొడిగారు. ప్రతిరోజూ ఈ అలంకరణకు సుమారు నాలుగు గంటలు పట్టేది.

కార్లాఫ్ స్వయంగా రెండు మార్పులు చేర్చాడు. తన కట్టుడుపళ్ళు తీసివేయడంతో ఒక చెంప లోపలికి పోయింది. కళ్ళు మరీ చురుకుగా, తెలివిగా కనబడుతున్నాయని భావించి కనురెప్పలపై మైనం అద్దించుకున్నాడు. దానివల్ల ఆ చూపు, అప్పుడే నిద్రలేచి లోకం ఏమిటో అర్థంకాని పసివాని చూపులా మారింది.

నవలలోని జీవి చక్కగా మాట్లాడగలదు, తర్కించగలదు. చిత్రంలో దానికి మాటలు లేవు. మూలుగులు, చేతుల కదలికలు, ముఖం మాత్రమే నటునికి మిగిలిన సాధనాలు. చిత్రంలో నేపథ్య సంగీతం కూడా దాదాపు లేదు. అందువల్ల ఆ జీవి తొలిసారి కనిపించే ఘట్టంలో బరువైన అడుగుల చప్పుడే ముందుగా వినవస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. మొదట వీపు మాత్రమే కనబడుతుంది. మెల్లగా అటునుండి ఇటు తిరిగిన తరువాత, కెమెరా అంచెలంచెలుగా ముఖానికి దగ్గరవుతుంది. ఎదురుచూపే ఇక్కడ భయానికి మూలం.

దీని తరువాతనే మరో ఘట్టం వస్తుంది. పైకప్పు కిటికీ తెరవగా లోనికి పడిన వెలుగును చూసి, ఆ జీవి దానిని పట్టుకోవాలని చేతులు చాస్తుంది. కిటికీ మూసివేయగానే ఖాళీ చేతులతో నిలబడిపోతుంది. ప్రేక్షకుడు భయపడిన కొద్ది క్షణాలకే జాలిపడతాడు. అప్పటి నుండి చిత్రం ముగిసేవరకు ఈ రెండు భావాలు విడిపోవు.

చిత్రం ప్రారంభంలోని నటుల పట్టికలో వికృతజీవి పాత్రకు ఎదురుగా పేరుకు బదులు ప్రశ్నార్థకం మాత్రమే వేశారు. కార్లాఫ్ పేరు చివరి పట్టికలోనే కనిపిస్తుంది. 1931 నవంబరులో విడుదలైన ఈ చిత్రంతో, 44 ఏళ్ళ వయసులో అతడు ప్రసిద్ధుడయ్యాడు.

సరస్సు ఘట్టం

ఈ చిత్రంలో ఎక్కువగా చర్చకు గురైనది సరస్సు ఒడ్డున జరిగే ఘట్టం. మరియా అనే చిన్నపిల్ల వికృతజీవిని చూసి బెదరదు, ఆటకు పిలుస్తుంది. ఇద్దరూ పూలను నీటిలో వేసి, అవి తేలుతుంటే చూసి సంతోషిస్తారు. పూలు అయిపోతాయి. పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకొని ఆ జీవి ఆమెను ఎత్తి నీటిలో వేస్తుంది. ఆమె మునిగిపోవడం చూసి దిక్కుతోచక అక్కడినుండి పారిపోతుంది.

అమెరికాలోని కొన్ని రాష్ట్రాల సెన్సారు బోర్డులు ఈ ఘట్టానికి అభ్యంతరం తెలిపాయి. తరువాత పునర్విడుదలైన ప్రతులలో, ఆ జీవి పిల్లవైపు చేతులు చాచిన చోటనే దృశ్యాన్ని తెంచివేశారు. ఆ తరువాత ప్రేక్షకులకు కనిపించేది పిల్ల శవాన్ని మోసుకొస్తున్న తండ్రి మాత్రమే. మధ్యలో ఏమి జరిగిందో చూడలేని ప్రేక్షకులు అంతకంటే ఘోరమైనదానిని ఊహించుకున్నారు. అమాయకత్వం వల్ల జరిగిన మరణం, కత్తిరింపు వల్ల దుర్మార్గపు హత్యగా మారిపోయింది. ప్రేక్షకులను కాపాడడానికి చేసిన పని వారి భయాన్ని పెంచింది. అంతేకాక ఒక పాత్ర స్వభావాన్నే తారుమారు చేసింది. తొలగించిన భాగాన్ని 1980లలో తిరిగి చేర్చారు.

భారతీయ రససిద్ధాంతం ప్రకారం చూస్తే ఈ తేడా మరింత స్పష్టమౌతుంది. నాట్యశాస్త్రం భయానక, బీభత్స, కరుణ రసాలను వేరువేరుగా పేర్కొంది. భయానకానికి భయం, బీభత్సానికి జుగుప్స, కరుణకు శోకం స్థాయీభావాలు. వికృతాకారం ఒక్కటే అయితే కలిగేది జుగుప్స మాత్రమే. కార్లాఫ్ నటన భయాన్నీ, శోకాన్నీ ఒకే ముఖంలో కలపడం వల్ల ఆ పాత్ర నిలిచిపోయింది.

ఇతర పాత్రలు

కార్ల్ ఫ్రాయిండ్ దర్శకత్వంలోని ది మమ్మీలో కార్లాఫ్ వేల ఏళ్ళ తరువాత తిరిగి లేచిన ఈజిప్టు పూజారిగా నటించాడు. కట్లు చుట్టిన రూపం తెరపై కొద్దిసేపు మాత్రమే ఉంటుంది. శవపేటికలోని కనురెప్పలు సన్నగా తెరుచుకుంటాయి. ఒక చేయి బల్లమీది గ్రంథపు చుట్టను అందుకుంటుంది. ఆపై గుమ్మం దాటి ఈడ్చుకుపోతున్న కట్టుగుడ్డ పీలికలు, మతి చెడి నవ్వుతున్న యువకుడు మాత్రమే కనబడతారు. మమ్మీ నడవడాన్ని దర్శకుడు చూపనేలేదు.

ఎడ్గార్ ఉల్మర్ తీసిన ది బ్లాక్ క్యాట్‌లో కార్లాఫ్, లుగోసీ తొలిసారిగా కలిసి నటించారు. ఇందులో కార్లాఫ్ మర్యాదస్తుడైన వాస్తుశిల్పి. మొదటి ప్రపంచయుద్ధంలో వేలమంది మరణించిన కోట శిథిలాలపై అధునాతనమైన ఇల్లు కట్టుకుంటాడు. ఆ మెత్తని మాట, మన్నన వెనుక ఉన్న క్రూరత్వమే ఇక్కడ భయహేతువు.

అన్ని పాత్రలూ ఒకేవిధంగా మెచ్చదగినవి కావు. ది మాస్క్ ఆఫ్ ఫూ మాంచూ (1932)లో చైనా దేశపు దుష్టుడిగా నటించాడు. ఆ చిత్రంలోని భయం పాత్ర స్వభావం నుండి కాక, ఆసియా ప్రజల పట్ల ఆనాటి పాశ్చాత్య సమాజంలో ఉన్న ద్వేషం నుండి పుట్టింది. అందువల్ల తీవ్రమైన విమర్శలకు గురైంది. భారతీయ మూలాలు గల నటుడే ఈ వేషం వేయడం గమనార్హం.

బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ (1935)లో వికృతజీవికి మాటలు వచ్చాయి. ఈ మార్పు కార్లాఫ్‌కు నచ్చలేదు. మాట్లాడితే ఆ పాత్ర పట్ల సానుభూతి, దాని ఆకర్షణ తగ్గిపోతాయని అతని అభిప్రాయం. అయినప్పటికీ, అంధుడైన ఒక సన్యాసి దానికి ఆతిథ్యమిచ్చి స్నేహం చేసే ఘట్టం ఎందరినో కదిలించింది. రూపాన్ని చూడలేనివాడు మాత్రమే ఆ జీవిని మనిషిగా ఆదరించగలిగాడు. సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్ (1939) తరువాత కార్లాఫ్ ఆ పాత్రతో మరే కథాచిత్రంలోనూ నటించలేదు.

ది బాడీ స్నాచర్‌లో నిర్మాత వాల్ లూటన్, దర్శకుడు రాబర్ట్ వైజ్. వైద్యవిద్యార్థుల పరిశోధనకు శవాలను సరఫరా చేసే బండివాని పాత్రకు వికృతమైన మేకప్ అవసరం లేకపోయింది. ఒక రాత్రి, వీధిలో పాడుకుంటూ వెళ్ళే బిచ్చగత్తె చీకటి కమాను కిందికి పోతుంది. గుర్రపుబండి ఆమె వెనుకనే వెళుతుంది. పాట ఉన్నట్టుండి ఆగిపోతుంది. తెరపై హత్య కనిపించదు. అదే మనిషి నడవలేని ఒక చిన్నపిల్లను ప్రేమగా ఎత్తుకోవడం ప్రేక్షకులు అంతకుముందే చూసి ఉన్నారు. అందుకే ఆ నిశ్శబ్దం మరింత భయంకరమైంది.

నటుల సంఘం, రంగస్థలం

గంటల తరబడి మేకప్, ఆపై రాత్రింబవళ్ళు చిత్రీకరణ కార్లాఫ్ ఆరోగ్యాన్ని దెబ్బతీశాయి. నటుల పనివేళలకు హద్దు ఉండాలన్న ఆశయంతో, 1933లో ఏర్పడిన స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ స్థాపకులలో ఒకడయ్యాడు. స్టూడియోల ఆగ్రహానికి గురయ్యే ప్రమాదం ఉన్న ఆ రోజుల్లో ఇది సాహసమే.

1941లో ఆర్సెనిక్ అండ్ ఓల్డ్ లేస్ అనే హాస్యనాటకంతో బ్రాడ్‌వే రంగస్థలంపై అడుగుపెట్టాడు. అందులో హంతకుని పాత్రధారిని చూసి ఇతరులు బోరిస్ కార్లాఫ్‌లా ఉన్నాడంటారు, అతడు మండిపడతాడు. తన కీర్తిని తానే ఆటపట్టించే ఈ వేషం ఘనవిజయం సాధించింది.

చివరి సంవత్సరాలు

నిజజీవితంలో కార్లాఫ్ మృదుభాషి, క్రికెట్ ప్రియుడు. పిల్లల కథలు చదివి ఎన్నో రికార్డులుగా విడుదల చేశాడు. 1966లో హౌ ది గ్రించ్ స్టోల్ క్రిస్మస్ అనే టెలివిజన్ కార్టూన్ చిత్రానికి గాత్రమిచ్చాడు. దాని రికార్డుకు గ్రామీ పురస్కారం లభించింది.

పీటర్ బోగ్డనోవిచ్ దర్శకత్వంలోని టార్గెట్స్ (1968) అతని చివరి గొప్ప చిత్రం. ఇందులో కార్లాఫ్ వృద్ధుడైన భయానక చిత్రాల నటుడు. వార్తాపత్రికలలోని హింస ముందు తన పాతకాలపు భయాలు వెలవెలబోతున్నాయని భావించి విరమించుకోవాలనుకుంటాడు. అదే ఊరిలో, సామాన్యంగా కనిపించే ఒక యువకుడు కారణం లేకుండా ప్రజలను తుపాకీతో కాల్చడం మొదలుపెడతాడు. 1966లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో జరిగిన కాల్పులు ఈ పాత్రకు ప్రేరణ. పతాక సన్నివేశంలో తెరమీది కార్లాఫ్, నేలమీది కార్లాఫ్ రెండువైపుల నుండి నడిచిరాగా హంతకుడు తికమకపడతాడు. ముసలి నటుడు చేతికర్రతో తుపాకీని పడగొట్టి అతణ్ణి చెంపదెబ్బ కొడతాడు. చిత్రాలలోని వికృతజీవికి ఒక గాథ, ఒక బాధ ఉన్నాయి. ఈ యువకునిలో అటువంటిదేమీ కనబడదు. ఈ వ్యత్యాసమే ఆ చిత్రానికి ప్రాణం.

ఊపిరితిత్తుల వ్యాధి, కీళ్ళనొప్పులు బాధిస్తున్నా చివరివరకు నటించాడు. 1969 ఫిబ్రవరి 2న ఇంగ్లాండులోని మిడ్‌హర్స్ట్‌లో న్యుమోనియాతో మరణించాడు. 1997లో అమెరికా తపాలాశాఖ వికృతజీవిగానూ, మమ్మీగానూ ఇతని రూపాలతో తపాలాబిళ్ళలు విడుదల చేసింది.

ముఖ్యమైన చిత్రాలు

1931 - ది క్రిమినల్ కోడ్, ఫ్రాంకెన్‌స్టైన్
1932 - ది ఓల్డ్ డార్క్ హౌస్, ది మాస్క్ ఆఫ్ ఫూ మాంచూ, ది మమ్మీ
1934 - ది లాస్ట్ పెట్రోల్, ది బ్లాక్ క్యాట్
1935 - బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్
1939 - సన్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్
1945 - ది బాడీ స్నాచర్, ఐల్ ఆఫ్ ది డెడ్
1946 - బెడ్లమ్
1963 - ది రావెన్, బ్లాక్ సబ్బాత్
1968 - టార్గెట్స్