బుస్సీ దొర చేవ్రాలు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. ఉద్యోగానుభవాలు రాసేవారు మనలో చాలామంది ఉన్నారు కనుక నా పిచ్చి గురించి రాస్తానన్నాను. రిటైరయ్యాక కొందరు తోటపని పెట్టుకుంటారు, కొందరు తీర్థయాత్రలకు వెళతారు. నేను పెదబయలులో కూర్చుని రెండున్నర శతాబ్దాల కిందటి ఫ్రెంచి సేనానుల సంతకాలు పోగుచేస్తున్నాను. అసలు కాగితాలు కావు, ఫోటో ప్రతులే. అసలువి వేలంలో పాడుకునేంత పెన్షను మనకెక్కడిది? పారిస్ జాతీయ గ్రంథాలయంవారు తమ దగ్గరున్న వాటిలో చాలావాటిని ఇంటర్నెట్‌లో పెట్టారు. మనవడు తీసి ఇస్తాడు, నేను ట్రంకుపెట్టెలో సర్దుతాను. మచిలీపట్నం పోగొట్టుకున్న కాన్‌ఫ్లాన్స్, మూసారాంబాగ్‌కు తన పేరు మిగిల్చిన హైదరాబాదు రేమండ్ అందులో ఉన్నారు. కాని ఎక్కువ కాగితాలు బుస్సీవే. బొబ్బిలి యుద్ధం సినిమా 1964లో చూసినవారెవరికీ ఆ పేరు కొత్తగాదు.

సంతకపు కాగితాల గురించి రెండు మాటలు చెప్పాలి. గుమాస్తా రాయగా అడుగున దొర సంతకం పెట్టిన ఉత్తరాలు ఒక రకం. మొదటినుంచి చివరిదాకా తానే రాసినవి రెండో రకం, ఇవి అరుదు. ఓడ మునిగినా, శత్రువు పట్టుకున్నా కబురు చేరాలని ఒకే ఉత్తరాన్ని రెండు మూడు ప్రతులు తీయించి వేర్వేరు ఓడలలో పంపేవారు. అందుచేత అదే ఉత్తరం సంతకంతో సహా రెండుచోట్ల కనబడితే అందులో ఒకటి దొంగదని అనుకోనక్కరలేదు. నిజాం సర్కారు ఫార్సీ కాగితాల సంగతి వేరు. అక్కడ చేవ్రాలుకంటె మొహరుదే పెద్దరికం. పుదుచ్చేరి గవర్నరుగా చేసిన ఆల్ఫ్రెడ్ మార్టినో 1911లో ఒక చరిత్ర సంఘం స్థాపించి ఫ్రెంచివారి పాత కాగితాలు అచ్చువేయించబట్టి మనబోటివాళ్ళకు ఈ మాత్రం తెలుస్తోంది. 1935లో ఆయన బుస్సీ మీద ఒక గ్రంథం కూడా రాశాడు.

బుస్సీ పూర్తి పేరు షార్ల్ జోసెఫ్ పాతిస్సియే ద బుస్సీ. ఉత్తర ఫ్రాన్సులో సోయస్సన్ పట్టణ ప్రాంతంవాడు. వంశం పెద్దదే గాని ఆస్తి లేదు. అదృష్టం వెతుక్కుంటూ సముద్రం దాటి పుదుచ్చేరి చేరి, డూప్లే గవర్నరుకు కుడిభుజమయ్యాడు. 1750లో ఎవరికీ లొంగదన్న సెంజి కోటను రాత్రికి రాత్రి పట్టుకోవడంతో పేరు మోగిపోయింది. మరుసటి ఏడు కొత్త నిజాం ముజఫర్ జంగ్‌ను హైదరాబాదుకు తీసుకుపోతుండగా కడప సీమలో రాయచోటి దగ్గర నవాబులు తిరగబడి ఆ నిజామును చంపేశారు. బుస్సీ తడబడలేదు. దండులోనే ఉన్న సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టి ప్రయాణం సాగించాడు. అప్పటినుంచి ఏడేళ్ళపాటు దక్కనులో నిజాం పేరు, బుస్సీ మాట.

1753లో ఆయన జబ్బుపడి మచిలీపట్నంలో ఉండగా నిజాం దివాను ఫ్రెంచి దండుకు జీతాలు నిలిపివేశాడు. జీతం నిలిచిన కొంప ఎలా ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పాలా! బుస్సీ కోలుకుని, దండును కూడగట్టుకుని ఔరంగాబాదుకు నడిచాడు. జీతాలకు నగదు కాదు, భూమి కావాలన్నాడు. ఆ నవంబరులో ముస్తఫానగరం, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లు నాలుగూ సైన్యం ఖర్చు కింద ఫ్రెంచివారికి రాసిచ్చారు. మన కొండల దిగువనున్న మైదానమంతా అలా ఒక జీతాల బకాయి కింద చేతులు మారింది. సాగు చేసుకుంటున్న రైతును ఒక్కమాట అడిగినవారు లేరు.

1756లో నిజాం దర్బారు బుస్సీని పొమ్మంది. ఆయన హైదరాబాదు చార్‌మహల్‌లో దండుతో మకాంవేసి, సాయం వచ్చేదాకా నిలిచి, చివరికి రాజీపడ్డాడు. ఈ గొడవలో సర్కార్ల జమీందార్లు శిస్తు నిలిపివేశారు. దాన్ని వసూలు చేయడానికి ఆ ఏడాది నవంబరులో ఆయన ఇటు బయలుదేరాడు. విజయనగరం పెద విజయరామరాజు ముందుగా వచ్చి కలిశాడు. విజయరామరాజుకు, బొబ్బిలి రంగారావుకు పాత పగ. బొబ్బిలి వదిలి మరోచోట భూమి తీసుకోమని బుస్సీ రంగారావుకు కబురంపాడు. తాతలనాటి కోట వదలడమా అని ఆయన ఒప్పుకోలేదు. అంతలో బొబ్బిలి అడవిలో కొందరు ఫ్రెంచి సిపాయిలు హతమయ్యారు. నేరం బొబ్బిలివారి మీద పడింది.

ఇక్కడ చూడవలసింది బుస్సీ దివాను హైదర్ జంగ్‌ను. దొరకూ జమీందార్లకూ నడుమ మాట నడిపినది ఆయనే. విజయనగరం సొమ్ము తిని ఆయనే చెడగొట్టాడని బుర్రకథలవారు చెబుతారు. లంచం మాట ఎలా ఉన్నా, దొర చెవి మరొకరి నోటిమీద ఆధారపడిందన్నది నిజం. ఏజెన్సీలో రెవెన్యూ పనిచేసిన నాకు ఇది వింతగా తోచదు. చదువురాని గిరిజనుడి వేలిముద్ర ఏ కాగితం మీద పడుతోందో అతనికి చెప్పేవాడు షావుకారు మనిషే అయితే ఏమవుతుందో ఈ కొండల్లో అందరూ చూశారు. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970 నాటి సవరణ (మనవాళ్ళు వన్ ఆఫ్ సెవెంటీ అంటారు) వచ్చింది అందుకే. వేలిముద్ర వేసినవాడు భూమి పోగొట్టుకున్నాడు. బొబ్బిలిలో సంతకం చేయగలవాడు క్షేమంగా ఉన్నాడు, పోయినవాళ్ళు వేరు.

1757 జనవరి 24న ఫిరంగులు బొబ్బిలి కోటగోడను పడగొట్టాయి. కోట దక్కదని తెలిశాక లోపలివారు తమ స్త్రీలను, బిడ్డలను తామే చంపుకుని, ఇళ్ళకు నిప్పంటించి, చచ్చేదాకా పోరాడారు. కోటలో అడుగుపెట్టిన లా అనే ఫ్రెంచి దళాధికారి ఎదుటికి ఒక ముసలాయన చిన్నపిల్లవాణ్ణి చెయ్యిపట్టి తీసుకొచ్చాడు. అతడే రంగారావు కొడుకు చినరంగారావు. ఆ కాలపు చరిత్ర రాసిన ఆర్మ్ ఒక సంగతి నమోదు చేశాడు. తండ్రికి మారుగా ఇస్తానన్న భూమికి ఈ పిల్లవాణ్ణి ప్రభువుగా చేస్తూ పట్టా తయారుచేయమనీ, విజయరామరాజు మనుషుల చేత పడకుండా కాపలా పెట్టమనీ బుస్సీ ఆజ్ఞాపించాడట. తర్వాత కొద్ది రాత్రులకే తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజును పొడిచి చంపాడు.

బుస్సీ కసాయివాడు కాదని నా అభిప్రాయం. కాని పట్టా రాయించే ఓపిక ఫిరంగి పేల్చకముందు ఉండవలసింది. పిల్లవాడి పేర పట్టా అన్న ఆ ఆజ్ఞ తాలూకు ప్రతి నా పెట్టెలో లేదు. ఉన్నవాటన్నిటికీ బదులు అదొక్కటి దొరికితే చాలుననుకుంటాను.

తర్వాతి కథ తొందరగా ముగుస్తుంది. ఆ జూన్‌లో బుస్సీ విశాఖపట్నంలో ఇంగ్లీషువారి కోట పట్టుకున్నాడు. 1758లో హైదర్ జంగ్ ఔరంగాబాదులో హత్యకు గురయ్యాడు. అదే ఏడు లాలీ పిలుపుమీద బుస్సీ దక్కను వదిలి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువారిని రప్పించాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కూడా పోయింది. ఔరంగాబాదులో రాసిచ్చిన కాగితం ఆరేళ్ళయినా చెల్లలేదన్నమాట. 1760 జనవరిలో వందవాసి యుద్ధంలో బుస్సీ ఇంగ్లీషువారికి పట్టుబడి, తరువాత స్వదేశం చేరాడు. రెండు దశాబ్దాల తర్వాత ముసలితనంలో సేనాధిపతిగా మళ్ళీ ఇండియా వచ్చి కడలూరులో పోరాడాడు. 1785 జనవరిలో పుదుచ్చేరిలో మరణించాడు.

బొబ్బిలి పిల్లవాడికి తండ్రి భూమి 1794లో దక్కింది, అదీ ఇంగ్లీషువారు ఇవ్వగా. 1801లో అతని కొడుకు రాయడప్ప పేర ఏటా 90,000 రూపాయల పేష్కషుకు శాశ్వత ఒప్పందం రాసుకున్నారు.

చివరగా సభ్యులకు ఒక మనవి. మీ ఇళ్ళలో పాత పట్టాలు, కబూలియతులు, దస్తావేజులు ఉంటే లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి, జిగురుకు కాగితం పాడవుతుంది, మళ్ళీ ఊడదీయడం కష్టం. మన కొండల మంచుకు, వానకు తేమ తగలకుండా మెత్తని గుడ్డలో చుట్టి పెట్టండి, నెలకోసారి నీడన ఆరబెట్టండి. మడతలు విప్పి ఉంచితే మంచిది. చదవలేని చేవ్రాలు ఏదైనా కనబడితే సంఘం ఆఫీసులో నాకోసం ఒక జిరాక్సు వదిలి వెళ్ళండి.