అంగలతో కొలిచిన నైన్‌సింగ్

మన ఘంటసాల చుట్టూ వరిచేలు, కాలవలే. కొండ లేదు, మంచు అసలే లేదు. అయినా నేను మంచుకొండల మనిషి గురించి రాస్తున్నాను.

నైన్‌సింగ్ రావత్ 1830లో హిమాలయాల్లోని మిలం అనే ఊళ్లో జన్మించాడు. ఆ ఊరి ఎగువన పెద్ద హిమానీనదం ఉంది. ఆయన భోటియా గిరిజనుడు, బడిపంతులు. ఆ రోజుల్లో టిబెట్టులోకి తెల్లవాళ్లను రానిచ్చేవారు కాదు. అందుకని సర్వేవాళ్లు 1863లో ఆయన్ని డెహ్రాడూన్ పిలిపించి తర్ఫీదు ఇచ్చారు. ఎక్కినా దిగినా అంగ ఒకేలా పడాలి. 2000 అంగలైతే ఒక మైలు. జపమాలకు 108 పూసలుంటాయి కదా, ఆయన మాలకు 100 మాత్రమే. నూరు అంగలకు ఒక పూస జరిపేవాడు. లెక్కల కాగితాలు ప్రార్థన చక్రంలో, పాదరసం గవ్వల్లో దాచుకున్నాడు. ఇన్ని ఏర్పాట్లు చేసుకుని మారువేషంలో బయల్దేరి, 1866 జనవరిలో లాసా చేరాడు. 1877లో లండన్ రాయల్ జాగ్రఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

మా నాన్నకు అక్షరం రాదు. నాట్లకు గుత్త మాట్లాడేటప్పుడు గట్టుమీద అంగలేసి చేను కొలుస్తాడు. ఒకసారి నా స్నేహితురాలు చూస్తుంటే సిగ్గేసి తల దించుకున్నాను. నైన్‌సింగ్ గురించి చదివాక అదే గుర్తొచ్చి బాధేసింది. మొన్న సెలవుల్లో నాన్న వెనకాలే నేనూ అంగలేశాను. నా లెక్క రెండుసార్లు తప్పింది. నాన్నది తప్పలేదు.

మీ అమ్మానాన్నలకు వచ్చిన లెక్క ఏదైనా ఉంటే రాసి తెండి. వచ్చే గోడపత్రికలో పెడదాం.

— 9వ తరగతి విద్యార్థిని