బ్రౌను దొరగారును చిన్నమాటలును

ఆల్వేస్, ఆఫెన్, సమ్‌టైమ్స్, నెవర్ అనునవి ఇంగ్లీషు వ్యాకరణమున మిక్కిలి చిన్నమాటలు. పని యెంత తఱచుగా జరుగునో తెలుపు క్రియావిశేషణములివి. మన రోలుగుంట బాలబాలికలు పెద్దమాటలు కంఠస్థము చేసియు ఈ చిన్నమాటలయొద్ద మార్కులు పోగొట్టుకొనుచుందురు. రెండు భాషలనడిమి ఇట్టి చిక్కులను విప్పుటకే జీవితము ధారపోసిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను దొరగారి చరిత్ర వారు తెలిసికొనదగినది.

దొరగారు 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించిరి. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యులు. కుమారునకు బాల్యముననే పలుభాషలు నేర్పించిరి. 1812లో తండ్రి గతింపగా కుటుంబము ఇంగ్లండునకు పోయెను. 1817లో కంపెనీ ఉద్యోగియై చెన్నపట్టణము చేరిన పిమ్మటనే దొరగారికి తెలుగుతో పరిచయము కలిగెను. 1820లో కడపకు పంపబడిరి.

మన పిల్లలు ఇంగ్లీషునకు పోవు త్రోవనే ఆయన ఎదురుదిక్కునుండి నడచి వచ్చిరి. తెలుగున క్రియ వాక్యాంతమున నుండును. కావున తఱచుగా అను మాట ఎప్పుడును దానికి ముందే వచ్చును. ఇంగ్లీషున అట్లుగాదు. హి ఆఫెన్ కమ్స్ లేట్ అనునపుడు క్రియకు ముందు, హి ఈజ్ ఆఫెన్ లేట్ అనునపుడు క్రియకు తరువాత. నెవర్ సంగతి మఱియు చిత్రము. అతడెన్నడును అబద్ధమాడడు అనునపుడు మన నిషేధము క్రియలోనే యిమిడియున్నది. ఇంగ్లీషున నెవర్ అను మాటయే దానిని మోయును. ఇది గమనింపక, నెవర్ పక్కన నాట్ కూడ చేర్చి వ్రాసిన బాలుడు సత్యవంతుని అబద్ధీకునిగా చేసివేయును! దొరగారు తెలుగు నేర్చునపుడు ఈ కష్టమే తలక్రిందులుగా అనుభవింపవలసి యుండెను.

అప్పటికి తెలుగు గ్రంథములు తాటాకులపై శిథిలమగుచుండెను. కడప, మచిలీబందరు మొదలగు చోట్ల ఉద్యోగము చేయుచు, దొరగారు స్వంత జీతముతో పండితులను, లేఖకులను పోషించి పాఠములు పరిష్కరింపజేసిరి, అప్పులపాలైరి. వేమన పద్యములను ఇంగ్లీషు అనువాదముతో 1829లో అచ్చొత్తించిరి. 1834లో ఉద్యోగము పోగా ఇంగ్లండునకు వెడలిరి. మఱియొకరైనచో తెలుగును అంతటితో మఱచియుందురు. ఆయన తిరిగివచ్చి, 1840లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిరి.

1852లో తెలుగు–ఇంగ్లీషు, ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు చెన్నపట్టణమున క్రైస్తవ విజ్ఞాన సంఘపు ముద్రాశాలలో వెలువడెను. ఇంగ్లీషు నుడికారములను తెలుగున వివరించుట తన పనియని రెండవదాని ముఖపత్రమే చాటును. ఒక మాటకు ఒక మాట ఉంచి ఊరకుండక, వాడుక చూపుటయే దాని గొప్ప. కావ్యములలోని మాటలతోబాటు వ్యవహారమున వాడు మాటలకును మొదటిదానిలో చోటిచ్చిరి. నా మట్టుకు ఇదియే ఆయన చేసిన పనులన్నిటిలో సాహసమైనది.

1855లో ఆయన స్వదేశమునకు మరలి, 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులైరి. 1884 డిసెంబరు 12వ తేదీన, 86 ఏండ్ల వయస్సున, అచ్చటనే మరణించిరి. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వేంకటరత్నముగారు, కాంబెల్ దొరగారు, కందుకూరి వీరేశలింగము పంతులుగారు పరిష్కరింపగా 1903లో మరల అచ్చయ్యెను. నేటికిని అనువాదకులు దానిని త్రిప్పి చూచుచునే యున్నారు.